ఆరు వారాలుగా బరువు కదలట్లేదు: ఇంకా తగ్గించి తినాలా, కొన్నాళ్ళు ఆపాలా?

రాయగడ టీచర్:
అందరికీ నమస్కారం. నా వయసు 41. జూన్ నడుమ వచ్చే ఒడియావాళ్ళ రజ పండగ వెళ్ళాక మొదలుపెట్టాను, అప్పుడు 84 కిలోలు. దసరాకి 76కి దిగాను. ఆ మరుసటి వారం నుంచి ఆగిపోయింది. 76.2, 75.9, మళ్ళీ 76.3... ఆరు వారాలుగా ఇదే వరస. పొద్దున్న చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం కప్పుతో కొలిచి అన్నం, రాత్రి రెండు చపాతీలు, సాయంత్రం ముప్పావుగంట నడక. ఒక్కరోజు తప్పలేదు. థైరాయిడ్ పరీక్ష చేయించాను, బాగానే ఉంది. మావారు రాత్రి చపాతీలు కూడా మానెయ్యమంటున్నారు. బరంపురంలో ఉన్న మా చెల్లి రెండు వారాలు అన్నీ ఆపి మామూలుగా తినమంటోంది. ఎవరి మాట వినాలో తెలియట్లేదు. పొద్దున్నే మిషన్ ఎక్కాలంటే భయంగా ఉంటోంది.

పర్లాకిమిడి మాస్టారు:
అమ్మా, ఏదీ మానొద్దు, ఏదీ ఆపొద్దు. ముందు కొలవండి. 84 కిలోల మనిషికి సరిపోయిన తిండి 76 కిలోల మనిషికి ఎక్కువవుతుంది. ఒంటి ఖర్చు లెక్కగట్టడానికి డైటీషియన్లు వాడే మిఫ్లిన్ సూత్రంలో కిలోకి 10 కేలరీలు. ఎనిమిది కిలోలు తగ్గారు కాబట్టి ఊరికే పడుకున్నా అయ్యే ఖర్చు రోజుకి 80 తగ్గింది. నడకలో మోసే బరువూ తగ్గింది, అక్కడ ఇంకొంత. అంతా కలిపితే పెద్ద చెంచాడు నూనె. అది కూరలో ఎక్కడ కలిసిందో కంటికి కనపడదు. 1992లో అమెరికాలో, ఎంత తక్కువ తిన్నా తగ్గట్లేదనే పదిమందిని పరీక్షించారు. వాళ్ళు నిజంగా తిన్నదానికంటే సగటున 47 శాతం తక్కువ చెప్పారని తేలింది. ఒంట్లో ఖర్చు మాత్రం వాళ్ళకీ మామూలుగానే ఉంది.

బరంపురం నర్సు:
మాస్టారూ, మీరంటే గౌరవమే గాని, ఆ అక్క చాటుగా తింటున్నట్టు మాట్లాడకండి. అయిదు నెలలు కడుపు కట్టుకున్న ఒళ్ళు మునుపటిలా ఉండదు. 1944–45లో మిన్నెసోటాలో 36 మంది మగవాళ్ళకి ఆరు నెలలు అరకడుపు తిండి పెట్టి చూశారు. పావువంతు బరువు పోయింది. దాంతోపాటు ఓపికా పోయింది, ఒంటి ఖర్చు బాగా పడిపోయింది, పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచన. టీవీ పోటీలో బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత చూస్తే, వాళ్ళ ఒళ్ళు ఉండాల్సినదానికంటే రోజుకి 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తోందని 2016లో రాశారు. అందుకే విరామం కావాలంటున్నాను. ఆస్ట్రేలియాలో 51 మంది మగవాళ్ళతో రెండు వారాలు తగ్గించి, రెండు వారాలు బరువు నిలిచేలా తినిపించి చూశారు. చివరిదాకా ఉన్నవాళ్ళలో ఆపి ఆపి చేసినవాళ్ళు 14 కిలోలు, ఆపకుండా చేసినవాళ్ళు 9 కిలోలు తగ్గారు. అక్కా, మీ చెల్లి చెప్పిందే నా మాట కూడా.

పర్లాకిమిడి మాస్టారు:
చాటుగా తింటున్నారని నేననలేదమ్మా. అలా వినిపిస్తే తప్పు నాదే. కానీ ఆ 14 కిలోలకి వాళ్ళకి పట్టింది 30 వారాలు, మిగతావాళ్ళకి 16. కసరత్తు చేసేవాళ్ళ మీద 2021లో చేసిన పరీక్షలో విరామం వల్ల కొవ్వు తగ్గడంలో తేడా రాలేదు. ఆకలి తగ్గింది, అంతే.

బరంపురం నర్సు:
ఆకలి తగ్గడం చిన్న సంగతా మాస్టారూ? ఆకలికి తట్టుకోలేకే కదా మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది మధ్యలో వదిలేసేది.

జయపురం తమ్ముడు:
అక్కా, రాత్రి తిండి మానేసి చూడండి. 16 గంటలు కడుపు ఖాళీగా ఉంచి నేను 4 కిలోలు తగ్గాను.

బరంపురం నర్సు:
తమ్ముడూ, నీకు పని చేసినందుకు సంతోషం. కానీ రాత్రి మానేసి మర్నాడు పది గంటలకి మూరీ (మరమరాల) మిక్చర్ పొట్లం పట్టుకునేవాళ్ళని రోజూ చూస్తున్నాను.

గుణుపురం పిన్ని:
అందరూ అమెరికా, ఆస్ట్రేలియా తిరిగొచ్చారు. అమ్మాయ్, దసరా తర్వాత మీ ఇంట్లో ఏం మారింది? మీరు కార్తీకం పడతారా? ఇంకోటి, అందరూ తిన్నాక నువ్వు తింటావా?

రాయగడ టీచర్:
పిన్నిగారూ, మీ ప్రశ్న చదివి అలా కూర్చుండిపోయాను. మాది తెలుగిల్లే గాని మా అత్తగారు ఒడియావాళ్ళ లెక్కన దసరా వెళ్ళాక వచ్చే కుమార పున్నమి మర్నాటి నుంచే కార్తీకం పట్టేస్తారు. దీపావళి వెళ్ళాక మన కార్తీకం. రెండూ కలిపి అమావాస్య దాకా నలభైఅయిదు రోజులు నీచు లేదు. అంతకుముందు రోజూ రెండు గుడ్లు, వారానికి నాలుగు రోజులు చేప ఉండేవి. ఇప్పుడు చేమదుంప, పచ్చి అరటికాయ వేసిన డాల్మా పప్పు, పైన నెయ్యి. ఉపవాసం విడిచిన సోమవారం రాత్రి బజ్జీలు. నేను అవే తింటున్నాననుకున్నాను, అవే కావు.

రెండో సంగతి. అవును, ఆఖర్న తింటాను. కప్పు అన్నం, చపాతీలు కొలిచిన మాట నిజమే. గిన్నె అడుగున మిగిలిన డాల్మాలో మిగిలిన అన్నం కలిపి, గట్టు దగ్గరే నిలబడి గరిటెతో గీకి తినేస్తాను. పారెయ్యడానికి చెయ్యి రాదు. ఇన్నేళ్ళలో దాన్ని భోజనం అనుకోలేదు. నిన్న రాత్రి తినకుండా కాటాలో పెట్టాను. అన్నమే 160 గ్రాములుంది. వందకి 130 కేలరీల చొప్పున చూసినా 200 దాటింది. నూనె కూడా చూశాను. నలుగురం నెలకి 5 లీటర్ల డబ్బా ఖాళీ చేస్తున్నాం, అంటే మనిషికి రోజుకి 38 గ్రాములు. హైదరాబాద్ పోషకాహార సంస్థ రోజు మొత్తానికి 2,000 కేలరీల పళ్ళెంలో పెట్టింది 27.

పర్లాకిమిడి మాస్టారు:
అమ్మా, ఇంత నిజాయితీగా కొలిచినవాళ్ళని నేను చూడలేదు. అయితే విరామం అక్కర్లేదు. ఆ 200, ఆ నూనె సరిచేస్తే చాలు.

బరంపురం నర్సు:
నేను ఒప్పుకోను మాస్టారూ. గుడ్డూ చేపా పోయాక మాంసకృత్తులు తగ్గి ఆకలి పెరిగింది. ఆ గిన్నె గీకింది అలవాటొక్కటే కాదు, ఆకలి కూడా. అక్కా, పెసలు, శనగలు, పెరుగు, ఛెనా (విరిచిన పాల ముద్ద) మీ నోముకి అడ్డం కాదు కదా? అవి పెంచండి. రెండు వారాలు బరువు నిలిస్తే చాలనుకుని తినండి, తర్వాత మళ్ళీ తగ్గించుకోవచ్చు.

గుణుపురం పిన్ని:
మిగిలింది పొద్దున్నకి నీళ్ళు పోసి పఖాళ చెయ్యి, అందరూ పంచుకుంటారు. లేదా అరగ్లాసు బియ్యం తక్కువ పొయ్యి. మీ అత్తగారితో నువ్వే చెప్పు, కోపగించుకోరు.

రాయగడ టీచర్:
చెప్పాను పిన్నిగారూ. నిజంగానే ఏమీ అనలేదు, ఈ పూట ఆవిడే అరగ్లాసు తగ్గించి పోశారు. రాత్రి చపాతీలు మానను, మావారికీ చెప్పేశాను. విరామం సంగతి ఇంకా తేల్చుకోలేదు. పోలి పాడ్యమి నాడు నాగావళిలో దీపాలు వదిలి వచ్చాక గుడ్లు మొదలుపెడతాను. ఆ తర్వాత మూడు వారాలు, వారానికి ఒక్కసారే మిషన్ ఎక్కి, అంకె ఏదైనా ఇక్కడే రాస్తాను.