ట్రఫాల్గర్ జెండాల మాట: ఇంగ్లండ్ "ఆశిస్తోంది" అనాలా, "నమ్ముతోంది" అనాలా?

పోస్టు:
అందరికీ నమస్కారం. "ఇంగ్లండ్ ఎక్స్‌పెక్ట్స్ దట్ ఎవ్రీ మాన్ విల్ డూ హిజ్ డ్యూటీ" అని ట్రఫాల్గర్ సముద్రయుద్ధం ముందు బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ అన్న మాటని "ప్రతి వ్యక్తీ తన విధిని నిర్వర్తిస్తాడని ఇంగ్లండ్ ఆశిస్తోంది" అని మావాడికి చెప్పాను. వాడు "ఆశిస్తోంది అంటే చేస్తారో లేదో డౌట్ ఉన్నట్టేగా నాన్నా" అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉందనిపించింది. ఇంతకన్నా మంచి తెలుగు ఎవరైనా చెప్తారా?

జవాబు:
మీ అబ్బాయి సరిగ్గా పట్టుకున్నాడండీ. నేను ఉండేది ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, ఇక్కడ సొంతంగా తెరచాప పడవలున్న వాళ్ళకి ఈ వాక్యమంటే ప్రాణం, అక్టోబర్ 21 దగ్గరికొస్తే ఏ జెండా పైన రావాలి ఏది కింద రావాలి అని గంటలకొద్దీ వాదించుకుంటారు, వాళ్ళతో తిరిగి తిరిగి నాకూ దీని మీద ఆసక్తి పెరిగింది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

అసలు ఈ వాక్యం ఎవరూ గొంతెత్తి అరిచింది కాదు, జెండాలతో కట్టింది. 1805 అక్టోబర్ 21, స్పెయిన్ తీరం, ట్రఫాల్గర్ అగ్రం దగ్గర. ఇటు బ్రిటిష్‌వాళ్ళ 27 పెద్ద యుద్ధనౌకలు, అటు ఫ్రాన్స్, స్పెయిన్ రెండూ కలిసి 33. పొద్దు నడినెత్తికి వస్తోంది. విక్టరీ ఓడ మీద నెల్సన్ తన సిగ్నల్స్ చూసే లెఫ్టినెంట్ జాన్ పాస్కోకి చెప్పిన మాట "ఇంగ్లండ్ కన్ఫైడ్స్". అంటే నమ్మకం పెట్టుకుంది, మీ మీద భరోసాతో ఉంది అని. పాస్కో ఏమన్నాడంటే, కన్ఫైడ్స్ కోడ్ పుస్తకంలో లేదు, ఒక్కో అక్షరం కట్టుకుంటూ పోవాలి, ఎక్స్‌పెక్ట్స్ అయితే ఉంది, అది పెట్టమంటారా అని. దీని వెనకే ఇంకో సిగ్నల్ పంపాలి, టైం లేదు, నెల్సన్ వెంటనే సరే అన్నాడు. కన్ఫైడ్స్‌కి ఎనిమిది అక్షరాలు, ఒక్కసారి ఎగరేస్తే అయిపోయేదానికి ఎనిమిదిసార్లు ఎగరెయ్యాలి. పాస్కో చెప్పింది సబబే.

ఆ పుస్తకం హోమ్ పోపమ్ అనే నౌకాధికారి తయారుచేసింది. 0 నుంచి 9 దాకా పది జెండాలు, ఒక్కో మాటకి ఒక్కో నంబరు. ఇంగ్లండ్ 253, ఎక్స్‌పెక్ట్స్ 269, దట్ 863, ఎవ్రీ 261, మాన్ 471, విల్ 958, డూ 220, హిజ్ 370. ఆ 220 చూడండి, రెండు రెళ్ళు కావాలి, సెట్టులో 2 జెండా ఒక్కటే ఉంటుంది, అప్పుడు "పైన ఉన్నదే మళ్ళీ" అని చెప్పే జెండా ఒకటి మధ్యలో కడతారు. ఆ ఉపాయం ఇప్పటికీ బతికే ఉంది, ఈరోజు పడవల వాళ్ళు వాడే 40 జెండాల అంతర్జాతీయ సెట్టులో అలాంటివి మూడు ఉంటాయి.

ఇంత చేశాక డ్యూటీ అన్న మాట కూడా పుస్తకంలో లేదు! దాన్ని మాత్రం అక్షరాలుగానే కట్టారు, 4, 21, 19, 24. వేళ్ళ మీద లెక్కపెడితే టీ 20 రావాలి కదా అంటారేమో, ఆ రోజుల్లో ఐ, జే కలిపి ఒకటే అక్షరం, పైగా యూ కంటే వీ ముందు వచ్చేది, అందుకని టీ 19, యూ 21. మొత్తం పన్నెండుసార్లు ఎగరేశారు. దీని వెనక వచ్చింది 16వ నంబరు సిగ్నల్, "శత్రువుకి ఇంకా దగ్గరగా వెళ్ళి కొట్టండి" అని.

ఇప్పుడు తెలుగు సంగతి. ఎక్స్‌పెక్ట్స్‌లో కాస్త పెద్దరికం ఉంది, పై నుంచి చెప్తున్నట్టు, "చెయ్యాల్సిందే" అన్న ఒత్తిడి. ఇన్నేళ్ళూ డ్యూటీ మానలేదు కదా, ఇప్పుడు చెప్పడమేంటి అని కొందరు నావికులు గొణిగారని, బ్రిటిష్ ఓడల రెండో వరస నడిపిస్తున్న అడ్మిరల్ కాలింగ్‌వుడ్ అయితే "ఏం చెయ్యాలో మాకు తెలుసు, ఈ సిగ్నళ్ళు ఆపితే బాగుణ్ణు" అన్నాడని చెప్తారు. మన "ఆశిస్తోంది"లో ఆ ఒత్తిడీ లేదు, నెల్సన్ మనసులో ఉన్న భరోసా కూడా లేదు, చెయ్యి చాపి అడుగుతున్నట్టుంటుంది. ఇక "విధి" ఇంకా ఇబ్బంది, విధి అనగానే మనకి విధిరాత గుర్తొస్తుంది, యుద్ధం ముందు అసలు పనికిరాదు. కర్తవ్యం అంటే ఉపన్యాసం. ఊళ్ళో బస్సు కండక్టరు దగ్గర్నుంచి ఆస్పత్రి నర్సు దాకా అందరూ "డ్యూటీ" అనే అంటారు, అదే ఉంచితే తప్పేం లేదు. నా మటుకు నేను నెల్సన్ అనుకున్నదాన్ని "ఎవరి డ్యూటీ వాళ్ళు చేస్తారని ఇంగ్లండ్‌కి నమ్మకం" అనీ, జెండాల మీద ఎగిరినదాన్ని "ఎవరి డ్యూటీ వాళ్ళు చెయ్యాలి, ఇంగ్లండ్ కోరేది అదే" అనీ చెప్తాను. మీవాడికి రెండూ చెప్పండి, తేడా వాడికే తెలుస్తుంది.

కామెంట్:
చాలా బాగా చెప్పారండీ. మాది విశాఖ. మరి ఆ జెండాలు ఎలా ఉండేవో ఇప్పుడు కచ్చితంగా తెలుసా? మన నేవీ జెండా మీద మొన్నటిదాకా ఉన్న ఎర్ర శిలువకీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

జవాబు:
తెలుసండీ, కానీ మధ్యలో చాలా ఏళ్ళు తప్పుగా కట్టారు. 1803లో రెడ్‌బ్రిడ్జ్ అనే చిన్న ఓడ ఫ్రెంచివాళ్ళ చేతికి చిక్కింది, దాంతోపాటు సిగ్నల్ పుస్తకం కూడా, అందుకని ఏ జెండా ఏ అంకో మొత్తం మార్చేశారు. తర్వాతి తరాలు ఆ మార్పు మర్చిపోయి 1799 నాటి పాత జెండాలతోనే విక్టరీ మీద ఈ సిగ్నల్ కట్టాయి. 1908లో అడ్మిరల్టీ (బ్రిటిష్ నేవీని నడిపే ఆఫీసు) లైబ్రేరియన్ పెరిన్ పాత కాగితాలు చూసి సరిచేశాడు. ఇవాళ్టి అంతర్జాతీయ సెట్టుతో ఇది కుదరదు, అంకెల జెండాలే వేరు, మోజున్నవాళ్ళు విడిగా ట్రఫాల్గర్ సెట్టు కొనుక్కుంటారు.

శిలువకి సంబంధం ఉంది. అప్పట్లో బ్రిటిష్ నేవీ ఎరుపు, తెలుపు, నీలం దళాలుగా ఉండేది, కాలింగ్‌వుడ్ నీలం దళం అడ్మిరల్, అయినా పొగలో గందరగోళం రాకూడదని నెల్సన్ అందరి చేతా ఎర్ర శిలువ ఉన్న తెల్ల జెండానే కట్టించాడు. 1864లో దళాలు ఎత్తేశాక తెల్లది నేవీకి, ఎర్రది వర్తక ఓడలకీ సొంత పడవలకీ వచ్చింది. ఆ తెల్లదాని పోలికే మనకీ వచ్చింది, 1950లో మూలన మువ్వన్నెలు పెట్టి శిలువ ఉంచారు, 2001లో తీశారు, 2004లో మళ్ళీ పెట్టారు, 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో విక్రాంత్‌ని నేవీలో చేర్చుకున్న రోజు పూర్తిగా తీసేశారు.

మీది విశాఖ అన్నారు కాబట్టి ఇంకోటి. ట్రఫాల్గర్‌కి ఏడాది ముందు, 1804 సెప్టెంబర్‌లో మీ ఊరి ముందే ఇదే బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధంలో ఒక పోరు జరిగింది. బ్రిటిష్ సెంచూరియన్ ఒక్కటీ ఒకవైపు, లినోయీ నడిపిన ఫ్రెంచి ఓడలు మూడు ఇంకోవైపు. సెంచూరియన్ కెప్టెన్ ఒడ్డున ఉండగానే దాడి మొదలైంది, లెఫ్టినెంట్ ఫిలిప్స్ ఓడని కాపాడాడు, కానీ అక్కడున్న వర్తక ఓడల్లో ఒకటి ఒడ్డుకెక్కి పగిలిపోయింది, ఇంకోదాన్ని ఫ్రెంచివాళ్ళు పట్టుకుపోయారు. విశాఖలో పెరిగిన పిల్లలు కూడా దీని గురించి వినకపోవడం నాకు బాధగా ఉంటుంది, స్కూల్లో ఒక్క పేజీ అయినా చెప్పాలి.

అన్నట్టు నేవీ కొత్త జెండా మీద "శం నో వరుణః" అని రాసి ఉంటుంది. తైత్తిరీయం చదివినవాళ్ళకి "శం నో మిత్రః శం వరుణః" నోటికి వచ్చే ఉంటుంది, ఆ "శం" గురించి వేదం తెలిసినవాళ్ళెవరైనా విడిగా పోస్టు పెడితే చదవాలని ఉంది.