సైన్స్ దినోత్సవాన్ని ఉపన్యాసాలు లేకుండా జరపడం ఎలా? హన్మకొండ నుంచి ఒక సందేహం

ప్రశ్న: హన్మకొండ టీచర్

సభ్యులందరికీ నమస్కారం. నేను హన్మకొండకు దగ్గరలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. వచ్చే ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవాన్ని బడి గోడల మధ్య కాక, నలుగురూ వచ్చిపోయే చోట, అంటే ఒక మ్యూజియంలోనో, కళాభవనంలోనో, గ్రంథాలయం ఆవరణలోనో జరపాలని మేము ముగ్గురు ఉపాధ్యాయులం అనుకుంటున్నాం.

ఈ ఆలోచన ఎందుకు వచ్చిందో చెప్పాలి. నిరుడు ఇలాంటి ఒక కార్యక్రమానికి 60 మంది పిల్లలను బస్సులో తీసుకెళ్లాను. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చారు. ఆ తర్వాత జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, శాస్త్రీయ దృక్పథం మీద ఆరుగురి ప్రసంగాలు వరుసగా సాగాయి. వేదిక పక్కన బల్ల మీద ఒక దూరదర్శిని ఉంది. దాని కటకం మీద మూత తీసే సరికి మా బస్సు వేళ అయిపోయింది. ఏడో తరగతి అమ్మాయి ఒకతి దాని దగ్గరకు వెళ్లి, "సార్, ముట్టుకోవచ్చా?" అని అడిగింది. అక్కడున్న వాలంటీరు "ప్రదర్శన కోసం పెట్టింది, ముట్టుకోవద్దు" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

మా దగ్గర ఉన్న డబ్బు తక్కువ. పెద్ద పరికరాలు లేవు. పిల్లలతో పాటు దారిన పోయేవాళ్లు కూడా ఆగి, స్వయంగా చేసి చూసి, ఇంటికి వెళ్లాక పక్కింటివాళ్లకు చెప్పుకునేలా ఏం చేయవచ్చో అనుభవమున్నవారు సూచించగలరు.

జవాబు 1: నీడ కొలిచేవాణ్ణి

టీచర్ గారికి నమస్కారం. నేను భూముల సర్వే పనిలో ముప్పై ఏళ్లు గడిపి విరమించాను. మీకు కావలసిన పరికరం ఒక మీటరు పొడవున్న తిన్నని ఇనుప గొట్టం. దానికి తోడుగా తాపీమేస్త్రీ దగ్గర గోడ నిలువు చూసే గుండు, నేల చదును చూసే రసమట్టం ఒక పూటకు అడిగి తెచ్చుకుంటే చాలు. ఎండ పడే సిమెంటు నేల మీద గొట్టాన్ని నిలువుగా నిలబెట్టి, 12 గంటల నుంచి 12 గంటల 50 నిమిషాల దాకా అయిదు నిమిషాలకు ఒకసారి నీడ కొసను సుద్దముక్కతో గుర్తు పెట్టించండి. ఒక్కో గుర్తు ఒక్కో మనిషి చేత పెట్టించి, పక్కన వాళ్ల పేరు కూడా రాయించండి. జనం ఆగేది అక్కడే.

వరంగల్‌లో ఫిబ్రవరి 28న ఆ నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉండేది 12 గంటలకు కాదు, 12 గంటల 24 నిమిషాల ప్రాంతంలో. అప్పుడు దాని పొడవు దాదాపు 49 సెంటీమీటర్లు. "మిట్ట మధ్యాహ్నం అంటే పన్నెండు కదా" అని పెద్దవాళ్లు తప్పకుండా అడుగుతారు. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తుంది, ఆ రేఖ కాకినాడకు దాపున పోతుంది. వరంగల్ దానికి దాదాపు మూడు డిగ్రీలు పడమరన ఉంది కనుక సూర్యుడు మన నడినెత్తి గీతను దాటడానికి సుమారు 12 నిమిషాలు ఎక్కువ పడుతుంది. మిగతా 12, 13 నిమిషాలకు కారణం భూమి కక్ష్య పూర్తి వలయం కాకపోవడం, భూమి అక్షం వాలి ఉండడం. అందుకే ఈ రెండో భాగం ఏడాది పొడవునా మారుతూ ఉంటుంది. అతి పొట్టి నీడ చూపే దిక్కే అసలు ఉత్తరం. పిల్లల ఫోన్లలోని దిక్సూచితో అక్కడికక్కడే పోల్చి చూపించండి.

ఇంకో అడుగు ముందుకు వెయ్యాలనుకుంటే ఆదిలాబాద్‌లో ఒక పాఠశాలను తోడు తీసుకోండి. అదే రోజు అక్కడ అదే పొడవు గొట్టానికి నీడ 52 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. రెండు నీడల నుంచి వచ్చే కోణాల తేడా సుమారు 1.7 డిగ్రీలు. దానికి సరిపడే ఉత్తర దక్షిణ దూరం దాదాపు 185 కిలోమీటర్లు. ఆ దూరాన్ని కోణంతో భాగించి 360తో హెచ్చిస్తే భూమి చుట్టుకొలత వస్తుంది. అసలు విలువ సుమారు 40,000 కిలోమీటర్లు. రెండువేల ఏళ్లకు ముందే ఈజిప్టులో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు వేసిన లెక్క కూడా ఇదే పద్ధతిలో ఉంటుంది.

రెండు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. బస్సు టికెట్టు మీది కిలోమీటర్లు ఈ లెక్కకు పనికిరావు. ఆదిలాబాద్ మనకు నేరుగా ఉత్తరాన లేదు, కొంత పడమరకు జరిగి ఉంది. కనుక పటం మీద అక్షాంశాల మధ్య దూరాన్నే తీసుకోవాలి. అలాగే సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందువల్ల నీడ కొస గీత గీసినట్టు తెగదు, సుమారు ఒక సెంటీమీటరు మేర మసకగా పరుచుకుంటుంది. ఆ మసక మధ్యలో గుర్తు పెట్టడం పిల్లలకు ముందే అలవాటు చేయించండి, ఎందుకంటే ఒక చోట 3 మిల్లీమీటర్లు తప్పినా భూమి చుట్టుకొలత దాదాపు 8 శాతం తప్పుతుంది.

(నీడ పూర్తిగా మాయమయ్యే రోజులు మనకు మే 11, 12 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 1 ప్రాంతంలో ఇంకోసారి వస్తాయి. మేలో బడులకు సెలవులు, ఆగస్టులో ముసురు. కనుక ఫిబ్రవరియే మేలు.)

జవాబు 2: నర్సంపేట అమ్మ

ఫిబ్రవరి 28 సి.వి. రామన్ పేరు మీద వచ్చిన రోజు కదా. గాజు గ్లాసులో నీళ్లు పోసి, రెండు మూడు చుక్కల పాలు కలిపి, చీకటి గదిలో ఒక పక్క నుంచి టార్చి వేస్తే, పక్క నుంచి చూసేవారికి నీళ్లు లేత నీలంగా, ఎదురుగా చూసేవారికి వెలుగు నారింజ రంగులో కనిపిస్తుంది. మా పాప ఇంట్లో చేసి చూపించింది. రామన్ ఫలితాన్ని అందరికీ చూపించడానికి ఇంతకంటే సులువైన పద్ధతి ఏముంటుంది?

జవాబు 3: మట్టెవాడ వాసి

మేడం గారి ప్రయోగం అందంగా ఉంటుంది, తప్పకుండా పెట్టవచ్చు. అయితే దానికి రామన్ ఫలితం అని చీటీ అంటిస్తే తప్పవుతుంది. పాల చుక్కలోని సన్నని కణాలు నీలం వెలుగును ఎక్కువగా, ఎరుపును తక్కువగా చెదరగొడతాయి. అక్కడ వెలుగు దారి మారుతుందే తప్ప రంగు మారదు. తెల్లని వెలుగులో ముందే ఉన్న రంగులే వేర్వేరు దిక్కులకు విడిపోతాయి. రామన్, తన సహ పరిశోధకుడు కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి కలకత్తాలో 1928లో గమనించింది వేరు. ద్రవం గుండా పోయిన వెలుగులో అతి కొద్ది భాగం అణువులకు కొంత శక్తినిచ్చి, లేదా వాటి నుంచి కొంత శక్తిని తీసుకుని, రంగు మార్చుకుని బయటికి వస్తుంది. ఆ భాగం ఎంత తక్కువంటే కోటి కాంతి కణాల్లో ఏ ఒకటో అలా మారుతుంది. టార్చితో, గాజు గ్లాసుతో అది కంటికి ఆనదు.

చీటీ మీద "ఆకాశం నీలంగా, పొద్దుగూకే వేళ ఎర్రగా ఎందుకు ఉంటుంది" అని రాయండి. దాని కింద, 1921లో ఓడలో వస్తూ మధ్యధరా సముద్రపు నీలాన్ని చూసిన రామన్‌కు ఆ రంగు ఆకాశపు ప్రతిబింబం మాత్రమేనా అన్న అనుమానం కలిగిందనీ, ఆ అనుమానమే ఏడేళ్ల తర్వాత ఈ రోజుకు దారి తీసిందనీ రెండు వాక్యాలు రాస్తే సరిపోతుంది. జనం చదివేది కూడా అంతవరకే.

జవాబు 4: గోదావరి ఒడ్డు (మంచిర్యాల)

హైదరాబాదులోని బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన పెద్ద రాక్షసబల్లి అస్థిపంజరాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఆ యామన్‌పల్లి మా పాత ఆదిలాబాద్ జిల్లాలోని ఊరే. 1988లో ఆ పేరు పెట్టారు. జురాసిక్ యుగపు తొలి భాగంలో, ప్రాణహిత గోదావరి లోయలో తిరిగిన శాకాహారి అది, పొడవు దాదాపు 9 మీటర్లు. మా వైపు పిల్లలను అడిగితే రాక్షసబల్లులు అమెరికాలో ఉండేవని చెబుతారు. మన నేలలో దొరికిన ఎముకల సంగతి మన పిల్లలకు తెలియకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

మా వీధిలో ఒకసారి సంక్రాంతి పండుగకు మేం చేసిన పని చెబుతాను. 9 మీటర్ల తాడు పరిచి, దాని వెంట ముగ్గుతో ఆ జంతువును నిజమైన పొడవులో గీయమని వాడకట్టు ఆడవాళ్లను అడిగాం. మెడ ఒక ఇంటి గుమ్మం ముందు, తోక మూడో ఇంటి గేటు దాకా వచ్చింది. కాళ్ల దగ్గర చుక్కలు పెట్టి మెలికలు తిప్పాలని ఒకావిడ పట్టుబట్టారు, మేం అడ్డు చెప్పలేదు. తర్వాత పిల్లలు మెడ నుంచి తోక దాకా పక్కపక్కనే పడుకుంటూ ఎంతమంది సరిపోతారో లెక్కపెట్టారు. బొమ్మల పుస్తకంలో "9 మీటర్లు" అని చదివితే రాని ఆశ్చర్యం అక్కడ వచ్చింది. మీ ఆవరణలో స్థలం ఉంటే ఇదొకటి పెట్టండి, ఖర్చు రెండు కిలోల ముగ్గు.

జవాబు 5: పాలంపేట బాట

నేను పురాతన కట్టడాలను సందర్శకులకు చూపించే పనిలో ఉన్నాను. ముందు అనుమతుల మాట. వరంగల్ కోట, వేయి స్తంభాల గుడి, రామప్ప గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అక్కడ కార్యక్రమం పెట్టాలంటే రాతపూర్వక అనుమతి తప్పనిసరి, అది చివరి వారంలో అడిగితే దొరికేది కాదు. నేలలో మేకు కొట్టడం, రాతికి కాగితం అంటించడం ఎలాగూ కుదరదు. కనుక మొదటి ఏడాదికి గ్రంథాలయమో, పార్కో, కాళోజీ కళాక్షేత్రం వంటి భవనపు ముందరి ఆవరణో ఎంచుకోండి. సభామందిరం లోపలికి మాత్రం వెళ్లకండి. కుర్చీలు, మైకు కనిపించగానే ఎవరో ఒకరు ఉపన్యాసం మొదలుపెడతారు.

రామప్పను మీ దగ్గరికే తెచ్చే ఉపాయం ఒకటుంది. 1213 నాటి ఆ గుడి శిఖరానికి నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారని అందరూ వినే ఉంటారు. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన తర్వాత ఆ మాట మరీ ప్రచారమైంది. వినడమే తప్ప, తేలే ఇటుక ఎలా సాధ్యమో ఎవరూ చేసి చూపించరు. నేను మా ఊరి కుమ్మరి సాయంతో ప్రయత్నించాను. బంకమట్టిలో వరి ఊక కలిపి ఆవంలో కాల్చాం. లోపలి ఊక కాలిపోయి ఖాళీలు మిగలాలన్నది లెక్క. ఊక తక్కువైన మొదటి ఇటుక మామూలు ఇటుక మాదిరే బుడుంగున మునిగింది. ఊక ఎక్కువైన రెండోది చేతిలోనే రెండు ముక్కలైంది. మూడోది తేలింది, అయితే ఒక నిమిషం మాత్రమే. సన్నని బుడగలు వదులుతూ నీళ్లు పీల్చుకుని మెల్లగా అడుగుకు చేరింది. చూస్తున్నవారు అప్పుడే దగ్గరికి వచ్చారు. ఖాళీలు ఉంటే చాలదు, అవి ఒకదానితో ఒకటి కలవకుండా మూసుకుని ఉండాలన్న సంగతి ఆ బుడగలే చెప్పాయి. రామప్ప ఇటుకను నేను కాల్చినట్టే కాల్చారని నేను అనను. నా మూడు ఇటుకలూ మీకు ఇస్తాను, విరిగినదానితో సహా. పక్కనే ఒక బకెట్టు నీళ్లు పెట్టి, వచ్చినవారి చేతికివ్వండి.

ఒక్క విన్నపం. రామప్పలో రాతిని తడితే స్వరాలు పలుకుతాయని శిల్పాలను కొట్టి చూపించే అలవాటు ఉంది. మీ పిల్లలకు అది నేర్పకండి. ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన రాయి మన గోళ్లకు అరిగిపోతోంది.

జవాబు 6: వడ్డేపల్లి చెరువు

సాయంత్రం దూరదర్శిని పెట్టేట్లయితే ఒక చిన్న లెక్క చూసుకోండి. 200 మంది వచ్చి ఒక్కొక్కరు ఒక నిమిషం చూస్తే 3 గంటల 20 నిమిషాలు పడుతుంది. వరుసలో నిలబడ్డవారికి విసుగు రాకుండా ఉత్త కళ్లతో చూసేవి చూపించే మనిషి ఒకరు ఉండాలి. ఆ రోజుల్లో పొద్దుగూకాక పిల్లలకోడి, అంటే కృత్తికలు, పడమటి వైపు బాగా పైన ఉంటుంది. అందులో ఎన్ని చుక్కలు కనిపిస్తున్నాయో పిల్లలనూ, అవ్వలనూ వేరువేరుగా లెక్కపెట్టమనండి. ఆ పేరు అవ్వలకే ముందు తెలుస్తుంది.

హన్మకొండ టీచర్ (తిరిగి)

అందరికీ ధన్యవాదాలు. మా ముగ్గురి మధ్య చర్చ జరిగింది. ఒక గ్రంథాలయం ముందరి సిమెంటు ఆవరణ ఇవ్వడానికి వారు ఒప్పుకున్నారు. వేదిక, మైకు, కుర్చీలు ఉండవు. అతిథులుగా వచ్చేవారు కూడా సుద్దముక్క పట్టుకుని నీడకు ఒక గుర్తు పెట్టాలని ఆహ్వానంలోనే రాస్తున్నాం. మా ప్రధానోపాధ్యాయులు కనీసం ఒక శాలువా అయినా ఉండాలంటున్నారు. దాన్ని దూరదర్శినికి దుమ్ము పడకుండా కప్పడానికి వాడుకుంటామని చెప్పాను, ఆయన నవ్వి ఊరుకున్నారు. దూరదర్శినిని మొదట చూసేది నిరుడు అడిగిన ఆ అమ్మాయే.

ఇటుకల కోసం పాలంపేట సోదరునికి విడిగా రాస్తాను. ఇక మిగిలింది ఆదిలాబాద్. అక్కడి ఉపాధ్యాయులు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి స్పందించండి.

జవాబు 7: ఆదిలాబాద్ లెక్కల టీచర్

నమస్కారం సార్. మా బడి ఆవరణలో చెట్టు నీడ పడని చదునైన చోటు ఉంది, తొమ్మిదో తరగతి పిల్లలతో నేను కొలిపిస్తాను. మాకు అతి పొట్టి నీడ మీకంటే నాలుగు నిమిషాలు ఆలస్యంగా, 12 గంటల 28 నిమిషాల ప్రాంతంలో వస్తుందని లెక్కవేశాను, సరిచూడగలరు. మీ గొట్టం నేల పైన సరిగ్గా ఎంత పొడవుందో మిల్లీమీటర్లలో పంపండి, ఇక్కడ అంతే పొడవుకు కోయిస్తాను.