లింక్డ్‌ఇన్ ఫోటోకు స్టూడియోకు వెళ్లాలా? అనంతపురం, కర్నూలు, కడప సభ్యుల అనుభవాలు కావాలి

అనంత_లెక్కలు (అనంతపురం)
పదకొండేళ్లుగా ఇక్కడే ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తున్నాను. ఇప్పుడు బెంగళూరు ఉద్యోగాలకు ప్రయత్నం మొదలుపెట్టాను. నా లింక్డ్‌ఇన్‌లో ఉన్నది చెల్లెలి పెళ్లి గ్రూపు ఫోటోలోంచి కత్తిరించిన ముఖం. భుజం మీద మా పిన్ని చెయ్యి ఇంకా కనిపిస్తూనే ఉంది. గత వారం ఫోన్‌లో మాట్లాడిన హెచ్‌ఆర్ ఆవిడ నా పని గురించి రెండు ప్రశ్నలు అడిగి, ముందు ఆ ఫోటో మార్చుకోండని చెప్పారు. నాకు మూడు సందేహాలున్నాయి. స్టూడియోకు వెళ్లాలా, ఫోన్ సరిపోతుందా? చీరలో తీయించుకోవాలా, కోటు వేసుకోవాలా? రెజ్యూమేలో కూడా ఫోటో పెట్టాలా?

సి_క్యాంప్_వాసి (కర్నూలు)
స్టూడియోకే వెళ్లండి, కానీ టచింగ్ చేయవద్దని ముందే గట్టిగా చెప్పండి. కొన్నేళ్ల క్రితం బ్యాంకు పరీక్షకు దరఖాస్తు చేసేటప్పుడు, ఫోటో 20 నుంచి 50 కేబీల మధ్య ఉండాలంటే మా ఊరిలోనే ఒక స్టూడియోకు వెళ్లాను. వాళ్లు నన్ను అడగకుండానే రంగు తేల్చి, ఎడమ చెంప మీది పుట్టుమచ్చను తుడిచేశారు. ఆ మచ్చ నా పదో తరగతి సర్టిఫికెట్‌లో గుర్తింపు చిహ్నంగా రాసి ఉంది. సర్టిఫికెట్ల పరిశీలన రోజున ఆ అధికారి నా ముఖాన్నీ, ఫోటోనూ, సర్టిఫికెట్‌నూ మార్చి మార్చి చూస్తూ నన్ను గంటన్నర నిలబెట్టారు. చివరికి సంతకం పెట్టారు గానీ, ఆ గంటన్నరలో నేను పడిన అవమానం నేటికీ మరచిపోలేదు. నా నలుపు తప్పని ఆ స్టూడియో వారికి ఎవరు చెప్పారు?

బురుజు_స్టూడియో (కర్నూలు)
రీలు కెమెరా కాలం నుంచి, అంటే 28 ఏళ్లుగా నేను ఈ వృత్తిలో ఉన్నాను కనుక కొన్ని విషయాలు స్పష్టం చేయాలి. ఫోన్‌ను చేత్తో పట్టుకుని తీసుకుంటే కెమెరా ముఖానికి అడుగు దూరంలోనే ఉంటుంది. ముక్కు దగ్గరగానూ చెవులు దూరంగానూ పడతాయి. ఐదడుగుల దూరం నుంచి తీసినదానితో పోలిస్తే పన్నెండు అంగుళాల దూరంలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. ఇది లెన్సు లోపం కాదు, దూరం చేసే పని. మేము 85 ఎంఎం లెన్సు వాడేది ఐదారు అడుగుల వెనక్కి వెళ్లినా ముఖం ఫ్రేములో నిండుగా ఉండడానికే. ఇక టచింగ్ అంటారా, పది మందిలో ఎనిమిది మంది తామే అడిగి చేయించుకుంటారు. కోటు విషయానికి వస్తే, మా దగ్గర 38, 40, 42 సైజులున్నాయి. నా దృష్టిలో కోటు లేనిది పాస్‌పోర్ట్ సైజు ఫోటో అవుతుంది గానీ హెడ్‌షాట్ (ఉద్యోగాల కోసం తీయించుకునే ముఖచిత్రం) కాదు.

పెన్నా_ఒడ్డు (కడప)
ఆ చివరి వాక్యాన్ని నేను అంగీకరించను. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లలో ఏ అకౌంటెంటు కోటు వేసుకుని ఆఫీసుకు వెళుతున్నారు? మా తమ్ముడికి ఒక స్టూడియోలో కోటు వేయకుండానే తీసి, తర్వాత కంప్యూటర్‌లో కోటు అతికించారు. మెడ దగ్గర తెల్లటి గీత, ఒక భుజం పైకి, ఒకటి కిందికి. అదే ఫోటోతో వాడు ఆరు నెలలు ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకున్నాడు. అతికించిన బట్టలతో ఎదుటివారి నమ్మకం సంపాదించగలమా?

బురుజు_స్టూడియో (కర్నూలు)
ఎవరో చేసిన అతుకుల పనిని మొత్తం వృత్తికి అంటగట్టవద్దు. మా దగ్గర నిజమైన కోటు ఉంది, దానిని వేసుకున్నవారి భుజాలకు సరిచేసి వెనుక పిన్ను పెడతాము. మీరు స్టూడియోలో ఒక్క రోజైనా నిలబడి పని చేశారా?

పెన్నా_ఒడ్డు (కడప)
అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి వంటవాడినే కావాలా? పదిమంది వేసుకుని విడిచిన కోటులో నన్ను నేను నిలబెట్టుకోలేనని అంటున్నాను, అంతే.

మగ్గం_బిడ్డ (ఎమ్మిగనూరు)
కోటును ఇంత తేలికగా తీసిపారేయకండి అన్నా. మాది చేనేత కుటుంబం. మా నాన్న డిగ్రీ పూర్తి చేసినప్పుడు స్టూడియో వారి కోటు వేసుకుని ఒక ఫోటో తీయించుకున్నారు. ఆయన జీవితంలో కోటు వేసుకున్నది ఆ పది నిమిషాలే. చేతులు పొడవై మణికట్టు దాటి వచ్చాయి, అయినా ఆ ఫోటోలో ఆయన చూపు వేరుగా ఉంటుంది. ఆ చూపుతోనే ఆయన గుమాస్తా ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్లారని నేను నమ్ముతాను. అరువు కోటు వేసుకున్నంత మాత్రాన మనిషి అబద్ధం కాడు.

పెన్నా_ఒడ్డు (కడప)
మీ నాన్నగారి గురించి నేను ఒక్క మాట కూడా అనలేదు, అనను. కోటు ఆయన కోరుకుని వేసుకున్నారు. కోటు లేకపోతే అది హెడ్‌షాటే కాదని శాసించడం మీదే నా అభ్యంతరం.

క్లినిక్_కడప (కడప)
వైద్య వృత్తిలో ఉన్నవారు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. కొత్తగా క్లినిక్ పెట్టినప్పుడు మంచి ఫోటో తీయించుకుని, దానిని బోర్డు మీద పెద్దగా వేయించాను. ఒక సీనియర్ డాక్టరు గారు వచ్చి చూసి, 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చదవమన్నారు. లెటర్‌హెడ్ మీద గానీ, కన్సల్టింగ్ గది బోర్డు మీద గానీ వైద్యుడి సొంత ఫోటో ముద్రించడం స్వీయ ప్రచారమనీ, అనైతికమనీ అందులో స్పష్టంగా ఉంది. 2023లో వచ్చిన కొత్త నియమావళిని అదే నెలలో నిలిపివేశారు కాబట్టి పాతదే అమలులో ఉంది. బోర్డు దింపించాను.

పెన్నా_ఒడ్డు (కడప)
మరి రోడ్డు పొడవునా ఫ్లెక్సీల మీద కనిపించే డాక్టర్ల ముఖాల మాటేమిటి?

క్లినిక్_కడప (కడప)
ఇతరులు చేస్తున్నారన్నది నాకు సమాధానం కాలేదు. న్యాయవాదులకూ ఇటువంటి కట్టుబాట్లే ఉన్నాయి. బార్ కౌన్సిల్ 36వ నియమం వారి ప్రచారాన్ని నిషేధించింది. 2008 సవరణ తర్వాత వెబ్‌సైట్‌లో పేరు, చిరునామా, నమోదు వివరాలు, అర్హతలు, ప్రాక్టీసు రంగాల వంటివి మాత్రమే ఇవ్వవచ్చు. ఎవరి వృత్తిలో ఫోటో ఎక్కడి వరకు వెళ్లవచ్చో తెలుసుకున్నాకే డబ్బు ఖర్చు పెట్టండి.

అనంత_లెక్కలు (అనంతపురం)
అందరికీ నమస్కారం. నేను డాక్టరునూ కాను, లాయరునూ కాను. చీర సంగతీ, రెజ్యూమే సంగతీ ఎవరూ చెప్పలేదు.

సప్తగిరి_సర్కిల్ (ప్రస్తుతం బెంగళూరు)
అక్కా, మాది అనంతపురమే. ఏడేళ్లుగా ఇక్కడ ఉద్యోగ నియామకాల విభాగంలో ఉన్నాను. రెజ్యూమేలో ఫోటో పెట్టవద్దు. రూపాన్ని బట్టి వివక్ష చూపారన్న ఆరోపణ రాకూడదని అమెరికా కంపెనీలు రెజ్యూమేలో ఫోటోను కోరవు, వాటి బెంగళూరు శాఖల్లో నేను పని చేసినచోటా అదే పద్ధతి. లింక్డ్‌ఇన్‌లో మాత్రం తప్పనిసరిగా ఉండాలి. ముఖాన్ని సెకనులో పదో వంతు చూసినా ఎదుటివారు నమ్మదగినవారా కాదా అన్న అభిప్రాయానికి వచ్చేస్తారని 2006లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు చూపించారు. ఆ అభిప్రాయం సరైనదని దీని అర్థం కాదు. నా ముందు రోజూ వందల పేర్లు కదులుతుంటాయి. అందులో పెళ్లి దండ అంచు కనిపించే ఫోటో దగ్గర నా చెయ్యి ఆగదు, ఈ మాట చెప్పడానికి నాకే బాధగా ఉంది.

చీరలోనే తీయించుకోండి. అయితే లింక్డ్‌ఇన్‌లో ఫోటో గుండ్రటి చిన్న బిళ్లలా కనిపిస్తుంది గనుక పెద్ద జరీ అంచు మెరిసి ముఖాన్ని మింగేస్తుంది. సన్న అంచు నూలు చీర మేలు. ఫ్రేములో సగానికి పైగా ముఖమే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఫోటోలోని మనిషే వీడియో కాల్‌లోనూ కనిపించాలి. రంగు తేల్చిన ఫోటో చూసి, తర్వాత కాల్‌లో అభ్యర్థిని గుర్తుపట్టలేక పేరు రెండుసార్లు అడిగిన సందర్భాలు నాకున్నాయి. అటువైపు మనిషి ముఖం చిన్నబోవడం నేను కళ్లారా చూశాను.

సి_క్యాంప్_వాసి (కర్నూలు)
నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే.

బురుజు_స్టూడియో (కర్నూలు)
కోటు గురించి నేను తొందరపడి అన్నాను. టచింగ్ గురించి కూడా ఒక మాట: నిన్నటి నుంచి మా బిల్లు పుస్తకంలో "టచింగ్ కావాలా, వద్దా" అని గడి వేయించి, వచ్చినవారి చేతనే టిక్కు పెట్టిస్తున్నాను. పుట్టుమచ్చ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనూ ఎన్నో మచ్చలు అడగకుండానే తీసేశాను.

అనంత_లెక్కలు (అనంతపురం)
ఆదివారం ఉదయం వరండాలో మా అమ్మాయి ఫోన్‌తో తీసింది. ఐదడుగుల దూరంలో నిలబడి, 2ఎక్స్ జూమ్ పెట్టి తీయమన్నాను. బూడిదరంగు నూలు చీర, వెనుక సున్నం గోడ. నలభై తీస్తే రెండు బాగా వచ్చాయి, కానీ రెండింటిలోనూ కళ్ల కింద నీడ పడింది. ఏం చేయాలి?

బురుజు_స్టూడియో (కర్నూలు)
వెలుగు పైనుంచి పడితే అలాగే అవుతుందమ్మా. గోడ దగ్గర నుంచి నాలుగడుగులు ముందుకు వచ్చి, వెలుగు వచ్చే వైపు ముఖం తిప్పండి. వెలుగు కింది నుంచి కూడా ముఖం మీద పడేలా ఒళ్లో తెల్లటి దుప్పటి పరుచుకుని కూర్చోండి. ఎనిమిది గంటలు దాటకముందే తీయించండి.