జిప్సీకి డీజిల్ ఇంజిన్: వేయించాలా, వద్దా?

గండిపేట జిప్సీ
నా దగ్గర 2008 మోడల్ మారుతి జిప్సీ ఉంది. సాఫ్ట్ టాప్, ఎంపీఎఫ్ఐ (ఫ్యూయెల్ ఇంజెక్షన్) పెట్రోల్. నెలకు రెండు ఆదివారాలు వికారాబాద్ వైపు, అనంతగిరి చుట్టుపక్కల మట్టిదారుల్లో తిప్పుతాను. మిగతా రోజులు గేటు లోపలే ఉంటుంది. మొన్న వాన పడ్డాక ఒక ఎర్రమట్టి ఎత్తు ఎక్కబోతే, లో రేంజ్ (ఎత్తులెక్కడానికి వేసే తక్కువ గేరింగ్) ఫస్ట్ గేర్‌లో కూడా ముక్కుతూ మూలుగుతూ ఆగిపోయింది. 2500 ఆర్‌పీఎమ్ కిందికి పడితే దమ్ము లేదు. రేజ్ చేస్తే చక్రాలు గిర్రున తిరిగి బురద చిమ్ముతున్నాయి. నా వెనక డీజిల్ మహీంద్రా థార్‌లో వచ్చినాయన యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండానే డుగుడుగుమంటూ ఎక్కేశాడు.

వనస్థలిపురం ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ పాత స్విఫ్ట్ 1.3 డీజిల్ ఇంజిన్ వేసిస్తానంటున్నాడు. ఇంజిన్, వైరింగ్, అడాప్టర్, రేడియేటర్, లేబర్ అన్నీ కలిపి రెండున్నర లక్షలు చెప్పాడు. వేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ‘అమ్మేసి థార్ కొనుక్కో’ అనేవాళ్లకు ముందే దండం.

చేవెళ్ల రేగడి
కళ్లు మూసుకుని వేయించు అన్నా. నేను 2011లో జెన్ డీజిల్‌లో వచ్చే 1.5 ప్యూజో ఇంజిన్ వేయించాను, టీయూడీ5 అంటారు. అరవై లోపు హార్స్ పవరే, కానీ పంపు మెకానికల్. కంప్యూటర్ లేదు, సెన్సార్ల గోల లేదు. ఒకసారి స్టార్ట్ అయ్యాక పంపు మీది సొలినాయిడ్‌కు ఒక్క వైరు కరెంటు అందితే చాలు, నడుస్తూనే ఉంటుంది. పోయిన వానాకాలం వాగులో బంపర్ మునిగింది. పైనుంచి గాలి అందించే స్నార్కెల్ గొట్టం ఉంది కాబట్టి దాటాను. ప్లగ్గులు, కాయిల్ తడిసి బండి ఆగిపోయే బాధ దీనికి లేదు.

ఇక దిగుడులో డీజిల్ పట్టే వేరు. కంప్రెషన్ ఎక్కువ కదా, బ్రేక్ తొక్కే పనే ఉండదు.

నష్టాలు కూడా చెప్తా. ముందు బరువు పెరిగి కమాన్లు కూర్చున్నాయి, ఒక్కో పట్టీ అదనంగా ఎక్కించాను. గుంతలో పడితే ఇంజిన్ కింది ఆయిల్ సంప్ వెళ్లి ముందు యాక్సిల్‌కు తగిలేది, ఇంజిన్ మౌంట్లు పైకి లేపాల్సి వచ్చింది. అద్దం ఎంత వణుకుతుందంటే, వెనక ఒక బండి వస్తే నాకు రెండు కనబడతాయి. అయినా తీసేయను.

బాలానగర్ లేత్
నేను మెకానిక్‌ను కాదు. మా లేత్ మీదికి వచ్చే ప్లేట్లను చూసి చెప్తున్నా.

స్విఫ్ట్‌లో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది, జిప్సీలో నిలువుగా కూర్చోవాలి. దానివల్ల మౌంట్లు, సంప్, టర్బో నుంచి దిగే పైపు, ఇంటర్‌కూలర్ గొట్టాలు అన్నీ దారి మార్చుకోవాలి. ఇదంతా వెల్డింగ్‌తో అయ్యే పనే. అసలు చిక్కు ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉంటుంది. రెండింటి బోల్టు రంధ్రాలు కలవవు కాబట్టి మధ్యలో అడాప్టర్ ప్లేటు వస్తుంది. క్రాంక్ సెంటరూ, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సెంటరూ ఒకే గీత మీద ఉండాలి. క్రాంక్‌కు డయల్ గేజ్ కట్టి, చేత్తో తిప్పుతూ ముల్లు ఎంత ఊగుతుందో చూస్తేనే అది తెలుస్తుంది. మన దగ్గర చాలామంది అట్టముక్క మీద రంధ్రాలు అచ్చు తీసి తెస్తారు.

రెండేళ్ల కింద అలా అట్టతో వచ్చిన ప్లేటు నేనే కోసిచ్చాను. మూడు వేల కిలోమీటర్లు తిరిగాక ఆ బండి మా వీధిలోకే వచ్చింది. క్లచ్ తొక్కితే సన్నగా ఈల, వదిలితే మాయం. గేర్‌బాక్స్ దింపితే ఇన్‌పుట్ షాఫ్ట్ కొసను పట్టుకునే పైలట్ బేరింగ్ పొడి పొడి. గేజ్ పెడితే సెంటర్ అర మిల్లీమీటరు పక్కకు ఉంది, అంటే ఐదు తెల్లకాగితాల మందం. తప్పులో నాకూ వాటా ఉంది, అడక్కుండా కోశాను.

మేస్త్రీని ఒక్కటే అడగండి, డయల్ గేజ్ పెడతావా అని. ‘ఎందుకు సార్, కంటితో చెప్పేస్తా’ అన్నాడంటే బండి వెనక్కి తెచ్చుకోండి.

మెహిదీపట్నం ఎంపీఎఫ్ఐ
చేవెళ్ల భాయ్, దిగుడు మాట దగ్గర ఆగు. కంప్రెషన్‌లో పిస్టన్ గాలిని నొక్కడానికి పెట్టిన బలంలో ఎక్కువ భాగం, ఆ గాలి వ్యాకోచించేటప్పుడు తిరిగి వస్తుంది. పెట్రోల్ ఇంజిన్‌లో కాలు తీయగానే గాలి లోపలికి వెళ్లే దారిలోని థ్రాటిల్ మూసుకుని మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పుడుతుంది, బండిని పట్టి ఆపేది అది. మామూలు డీజిల్‌కు ఆ థ్రాటిలే ఉండదు. లారీలకు ఎగ్జాస్ట్ బ్రేక్ విడిగా పెట్టేది అందుకే. దిగుడులో నీ బండి నెమ్మదిగా దిగుతోందంటే అది గేరింగ్ మహిమ. ఇంకోటి, నీ వాగు కథ మెకానికల్ పంపుకు సరిపోతుంది. ఆ స్విఫ్ట్ డీజిల్ లాంటి కామన్ రైల్ ఇంజిన్‌కు ఈసీయూ అనే కంప్యూటర్, సెన్సార్లు, ఇంజెక్టర్ వైరింగ్ ఉంటాయి. తడికి అదేం తక్కువ భయపడదు.

గండిపేట అన్నా, మీరు టైర్ సైజ్ రాయలేదు.

గండిపేట జిప్సీ
235/75 ఆర్15. చూడ్డానికి గట్టిగా ఉంటుందని వేయించా.

మెహిదీపట్నం ఎంపీఎఫ్ఐ
అనుకున్నా. కంపెనీ సైజ్ 205/70 ఆర్15, చక్రం ఎత్తు దాదాపు 668 మిల్లీమీటర్లు. మీది 733. చక్రం పదోవంతు పెద్దదైంది, అంటే ప్రతి గేరూ పదోవంతు పొడుగైంది. మీ ఇంజిన్ 103 ఎన్ఎమ్ టార్క్ (తిప్పే బలం) ఇచ్చేదే 4500 ఆర్‌పీఎమ్ దగ్గర. కింద ఉన్న ఆ కాస్త దమ్మునూ టైరు మింగేసింది. స్విఫ్ట్ డీజిల్ 190 ఎన్ఎమ్ 2000 దగ్గరే ఇస్తుంది, నిజమే, ఆశ పుట్టడం సహజం. కానీ లో రేంజ్‌లో ఆ 190ని గేర్లు ఎన్నో రెట్లు చేసి యాక్సిల్‌కు పంపుతాయి. 103 కోసం చేసిన గేర్‌బాక్స్, ముందు చక్రాలను తిప్పే సీవీ జాయింట్లు ఎన్నాళ్లు ఆగుతాయో మీరే ఆలోచించుకోండి.

మీకు కావలసింది తక్కువ గేరింగ్. జిప్సీలో, బలాన్ని ముందు వెనక చక్రాలకు పంచి హై, లో రేంజ్ మార్చే ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్‌బాక్స్‌కు దూరంగా, చిన్న ప్రాపెల్లర్ షాఫ్ట్‌తో విడిగా వేలాడుతుంది. అందుకే దాన్ని ఒక్కదాన్నే దింపి, లోపల ఇంకా తగ్గించే గేర్లు వేయించుకోవచ్చు. ఇంజిన్ జోలికే పోనక్కర్లేదు.

చేవెళ్ల రేగడి
గేర్లు తగ్గిస్తే ఔటర్ రింగ్ రోడ్డు మీద 70కే ఇంజిన్ గోల పెడుతుంది, అది కూడా చెప్పు భాయ్. ఇంకో మాట. ఐడిల్ మీద ఎక్కడం గేర్లతో రాదు. డీజిల్ ఇంజిన్‌కు గవర్నర్ ఉంటుంది, లోడ్ పడి స్పీడ్ తగ్గగానే అదే డీజిల్ పెంచుతుంది. థార్ ఆయన కాలు పెట్టకుండా ఎక్కింది అందుకే. నీ పెట్రోల్ బండితో అలా ఎక్కి చూపించు, నా బండి అమ్మేస్తా.

ఆర్సీ చూపించు
మీరంతా ఇనుము గురించి మాట్లాడుతున్నారు, కాగితం గురించి ఎవరూ అనలేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా ఓనర్ బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే మేక్, అదే రకం ఇంజిన్ అయితే అనుమతి తీసుకుని మార్చుకోవచ్చు. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ లాంటివాటి కన్వర్షన్ కిట్లకు చట్టంలోనే షరతులతో దారి ఉంది. షెడ్డులో పెట్రోల్ ఇంజిన్ పీకి పాత డీజిల్ కూర్చోబెట్టడం వీటిలో దేని కిందికీ రాదు. 2019 సవరణలో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం ఒక్కో మార్పుకు 5000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

మీది 2008 బండి. పదిహేనేళ్లు నిండి 2023లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయి ఉంటుంది, మళ్లీ 2028లో చూపించాలి. అప్పుడు ఇంజిన్ నంబర్ చూస్తారు. అంతదాకా ఎందుకు, పొల్యూషన్ సర్టిఫికెట్‌కే ఇబ్బంది. పెట్రోల్‌కు కార్బన్ మోనాక్సైడ్ చూస్తారు, డీజిల్‌కు పొగ చిక్కదనం చూస్తారు. ఆర్సీలో పెట్రోల్ అని ఉన్న బండి సైలెన్సర్‌లోంచి డీజిల్ పొగ వస్తే ఏ మిషన్ పెట్టమంటారు?

చేవెళ్ల రేగడి
పద్నాలుగేళ్లుగా నన్ను ఎవరూ ఆపలేదు.

ఆర్సీ చూపించు
ఆపితే జరిమానాతో పోతుంది తమ్ముడూ. యాక్సిడెంట్ అయితే? ఇన్సూరెన్స్ సర్వేయర్ బానెట్ ఎత్తగానే మీ సొంత డ్యామేజీ క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. అవతలివాళ్లకు ఏమన్నా అయితే ఇంకా పెద్ద కథ. పరిహారం ఇన్సూరెన్స్ కంపెనీ ముందు కట్టి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పిన కేసులు ఉన్నాయి. మా దగ్గరి చుట్టానికి ఒక కంపెనీ నుంచి అలాంటి నోటీసే వచ్చింది. బండి అమ్మినా ఆ మొత్తంలో సగం రాదు.

చేవెళ్ల రేగడి
సరే, అందుకే నేను పొలానికీ మట్టిదారి ట్రెయిల్‌కూ తప్ప తీయట్లేదు. ట్రెయిల్ దాకా రోడ్డు మీదే పోవాలి, అది నిజమే.

రాణిగంజ్ లెక్కలు
మైలేజీ కోసం అయితే అస్సలు వద్దు. నెలకు రెండు ట్రిప్పులంటే ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు అనుకుందాం. పెట్రోల్‌తో లీటరుకు 10 చొప్పున 400 లీటర్లు, లీటరు 107 రూపాయలు అనుకుంటే 42,800. డీజిల్‌తో 14 ఇస్తుందనుకున్నా 286 లీటర్లు, లీటరు 96 అనుకుంటే సుమారు 27,500. మిగిలేది 15 వేలు. రెండున్నర లక్షలు తిరిగి రావడానికి పదహారేళ్లు పైన పడుతుంది. మధ్యలో ఒక్క ఇంజెక్టర్ పోయినా ఆ ఏడాది మిగులు అక్కడికే.

గండిపేట జిప్సీ
అందరికీ థాంక్స్. మా బావమరిది జిప్సీకి కంపెనీ సైజ్ చక్రాలే ఉన్నాయి. నిన్న అవి అడిగి తెచ్చుకుని, టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దించి అదే ఎత్తుకు పోయాను. మట్టి మొన్నటికన్నా కాస్త ఆరింది, కాబట్టి పూర్తి న్యాయంగా పోల్చలేను. మొదటిసారి సగంలో ఆగింది, రెండోసారి ఎక్కింది. థార్ లాగా కాదు, 3000 దగ్గర పట్టుకుని ఏడిపిస్తూ ఎక్కించాను. చేవెళ్ల తమ్ముడు చెప్పిన ఐడిల్ సుఖం రానే రాదు, ఒప్పుకుంటున్నా. ప్రస్తుతానికి ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్ల కోసం పుత్లీబౌలిలో వెతుకుతున్నా.

ఎందుకైనా మంచిదని ఆటోనగర్ మేస్త్రీకి ఫోన్ చేసి డయల్ గేజ్ ఉందా అని అడిగాను. ‘ఉంది సార్, ఎవరో పట్టుకుపోయారు’ అన్నాడు.