కష్టంలో ఉన్నప్పుడు వచ్చిన ప్రార్థన గెలిచాక రావడం లేదు. మీలో ఎవరికైనా ఇలా అయిందా?

గుండ్లకమ్మ ఒడ్డు అడిగిన ప్రశ్న:

అందరికీ వందనాలు. రాద్దామా వద్దా అని రెండు వారాలుగా అనుకుంటూనే ఉన్నాను. మాది ప్రకాశం జిల్లాలో చిన్న ఊరు. కాలనీలో 140 గడప ఉంటే ముప్పాతిక వంతు మందిరానికి వచ్చేవాళ్లమే. నేను 11 ఏళ్లుగా సంఘ పెద్దని. రెండెకరాల మిరప, కొంత కౌలు, అదే బతుకుతెరువు.

మాకు సమాధుల స్థలం సరిగ్గా ఉండేది కాదు. ఉన్న కాస్త జాగా వాగు అవతల. ఒక వానాకాలం మా సంఘంలో ముసలాయన చనిపోతే పెట్టెని నలుగురం భుజాన పెట్టుకుని మొలలోతు నీళ్లలో దిగాం, మధ్యలో ఒక కుర్రాడి కాలు జారి పెట్టె ఒక పక్కకి ఒరిగిపోయింది, ఒడ్డున నిలబడ్డ ఆయన భార్య అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. ఊరి వైపు స్థలం, దానికి దారి సాధించేదాకా ఊరుకోకూడదని ఆ రాత్రే గట్టిగా అనుకున్నాను.

ఏడేళ్లు పట్టింది. అర్జీలు, ఆఫీసుల చుట్టూ తిరగడం, నా మీద, ఇంకో ఐదుగురి మీద కేసు, రెండు రాత్రులు స్టేషన్లో. నా భార్య గాజులు తాకట్టులోకి వెళ్లి మూడేళ్లు అక్కడే ఉన్నాయి. కాలనీలో కొందరే నన్ను, నీ మూలంగా మాకు కూలి పనులు పోయాయని తిట్టారు. ఆ రోజుల్లో నేను తెల్లవారుజామున నాలుగింటికి లేచి మందిరం వెనక వేపచెట్టు కింద కూర్చుని ప్రార్థన చేసేవాడిని. పెద్ద మాటలేమీ ఉండేవి కావు. "ప్రభువా, ఈ రోజు గడవనియ్యి" అంతే. కానీ లేచేసరికి ఒంట్లోకి బలం వచ్చేది, అది నిజం, దాన్ని ఎవరు కాదన్నా ఒప్పుకోను.

పోయిన ఏడు ఆర్డరు వచ్చింది. 60 సెంట్లు, పన్నెండడుగుల దారి. పూలదండలు వేశారు, కృతజ్ఞతా కూడిక పెట్టారు, స్టేజీ మీద కుర్చీలో కూర్చోబెట్టారు. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా తగాదాలు తీర్చమని పిలుస్తున్నారు, సర్పంచ్‌గా నిలబడమని రెండు పార్టీల వాళ్లూ కబురు పంపారు. నాలుగింటికి మెలకువ అదే వస్తుంది. కానీ చెయ్యి ఫోన్ మీదకి పోతోంది. ఆ కూడికలో నన్ను ప్రార్థన చేయమంటే పది నిమిషాలు చేశాను, మాటలు బాగానే వచ్చాయి, లోపల ఏమీ లేదు. అయిపోయాక ఒక మామ్మ నా చెయ్యి పట్టుకుని "నాయనా, ఇదివరకు నీ ప్రార్థన పొట్టిగా ఉండేదిరా" అంది. ఆమె మెచ్చుకుందో, మందలించిందో నాకు తెలియలేదు. ఆ రోజు నుంచి నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

కష్టాల్లో విశ్వాసం ఎలా నిలబెడుతుందో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. గెలిచాక ఎలా నిలబడాలి? మన ముందు తరం పెద్దలు ఏం చేశారో తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ టీచర్, మహబూబాబాద్ జవాబు:

తమ్ముడూ వందనాలు. మామ్మ మాట మెచ్చుకోలూ కాదు, మందలింపూ కాదు, ఆమెకి నీ పాత గొంతు గుర్తొచ్చింది, అంతే అనుకుంటున్నాను.

మాది డోర్నకల్ దగ్గర కాబట్టి నాకు తెలిసిన ఉదాహరణ చెప్తాను. బిషప్ అజరయ్యగారు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య, 1874లో తిరునల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు, పల్లెటూరి పాస్టరుగారి కొడుకు. 1909లో సొంత ఊరు, సొంత భాష వదిలి నిజాం రాజ్యంలో ఉన్న మా డోర్నకల్‌కి మిషనరీగా వచ్చాడు. ముందు గుడారంలో కాపురం. తెలుగు నేర్చుకోవాల్సి వచ్చింది. ఆయన దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పేటల వాళ్లు, వెట్టిచాకిరీలో నలిగినవాళ్లు.

మరుసటి ఏడు, 1910లో, ఎడిన్‌బరోలో పెద్ద మిషనరీ మహాసభ జరిగితే అక్కడికి వెళ్లి తెల్లదొరల ఎదుట నిలబడి, మీరు పేదలకు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. అక్కడ చాలామందికి అది మింగుడుపడలేదు. రెండేళ్లకి, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్లో ఆయన్ని బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. తెల్లవాళ్ల మీద ఒక భారతీయుడు అధికారం చేయడమేమిటని అడ్డుపడినవాళ్లూ ఉన్నారు. 38 ఏళ్ల మనిషికి ఇంత గౌరవం, ఇంత వ్యతిరేకత ఒకేసారి వచ్చాయి. 1920లో కేంబ్రిడ్జి వాళ్లు గౌరవ డాక్టరేటు కూడా ఇచ్చారు.

నువ్వడిగింది ఇక్కడ చూడు. కేంబ్రిడ్జి గౌరవం అందుకున్న ఆ మనిషే ఎడ్లబండి ఎక్కి పల్లెలు తిరిగాడు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత చెయ్యి తల మీద పెట్టించి, "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే అయ్యో, నాకు శ్రమ" అని చెప్పించేవాడు. అక్షరం ముక్క రాని కూలి మనిషి చేత! ఆ పని బిషప్ ఒక్కడిదే కాదు, నీది కూడా అని ఆ మనిషి తల మీద పెట్టడం అన్నమాట. నా ఉద్దేశంలో ఆయన్ని పదవి మింగేయకపోవడానికి కారణం ఇదే. పనిని తన దగ్గరే ఉంచుకోలేదు.

డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ చూశావో లేదో. బిషప్ అయిన 26 ఏళ్లకి గానీ అది ప్రతిష్ఠ కాలేదు, 1939 జనవరి 6న అయింది. గుడి మండపంలాంటి స్తంభాలు, మసీదు మీద ఉన్నట్టు గుమ్మటాలు. మన నేల మీద మన తీరులో ఉండాలని ఆయన పట్టుబట్టాడు. సంఘాలన్నీ ఒకటి కావాలని 1919 తరంగంబాడి సమావేశం నుంచి పాటుపడ్డాడు, చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడింది మాత్రం 1947 సెప్టెంబరు 27న. ఆయన 1945 జనవరి 1నే డోర్నకల్‌లో కన్నుమూశాడు. తన పెద్ద గెలుపుని కళ్లతో చూడలేదు. చిన్నప్పుడు మా నాన్న ఆ సమాధి దగ్గరికి తీసుకెళ్లి చెప్పులు విడవమన్నాడు, దీని గురించి తలుచుకుంటే ముందు అదే గుర్తొస్తుంది.

ఒంగోలు కుర్రాడు జవాబు:

అన్నా, మీ పేరులోనే గుండ్లకమ్మ ఉంది, మరి వెల్లంపల్లి సంగతి ఎవరూ చెప్పలేదే!

1876 నుంచి 78 దాకా ధాత కరువు. ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ఉన్న జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి పని, కూలి ఇచ్చాడు. సువార్తికులే మేస్త్రీలయ్యారు. పగలు గంపలు లెక్కపెట్టేవాళ్లు, విరామం దొరికినప్పుడు వాక్యం చెప్పేవాళ్లు. జనం మాకు బాప్తిస్మం ఇవ్వండని గుంపులుగా వచ్చారు. ఇవ్వలేదు! దాదాపు 15 నెలలు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారనే మాట పడకూడదని, వచ్చినవాళ్లకే తాము ఎందుకు వచ్చామో తెలియాలని. సాయం పంచడం అయిపోయాక, ఇక ఇవ్వడానికి మా దగ్గర డబ్బు లేదని చెప్పాకే మొదలుపెట్టారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది.

ఆ రోజు క్లౌ నీళ్లలోకి దిగలేదు అన్నా. ఆరుగురు తెలుగు పాస్టర్లు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా దిగి ఇచ్చారు. కరువంతా మోసిన మనిషి పంట చేతికొచ్చిన రోజు ఒడ్డున ఉన్నాడు.

ఇంకో విషయం, క్లౌ ఒంగోలులో కాలుపెట్టకముందే యర్రగుంట్ల పేరయ్య అనే ఆయన ఉన్నాడు, తాళ్లకొండపాడు వాసి, మాదిగ, తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరుగుతూ తన వాళ్లకి సువార్త చెప్పుకుంటూ పోయినవాడు. దొరల పేర్లు పుస్తకాల్లోకి ఎక్కాయి కానీ ఈ ప్రాంతంలో నాంది అతనిది. అతనికి ఎవరూ దండ వెయ్యలేదు. నాకు ఎందుకో ఆయన మీదే ఎక్కువ ప్రేమ.

డ్వాక్రా లీడర్, కృష్ణా జిల్లా జవాబు:

అన్నయ్యా, మీ భార్యగారి గాజులు విడిపించారా లేదా, అది రాయలేదు మీరు. ముందు ఆ పని చూడండి.

మా అమ్మ బైబిల్ స్త్రీగా, అంటే ఆడవాళ్లకి వాక్యం చెప్పే పనిలో, 30 ఏళ్లు చేసింది. మా ఇంట్లో పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. అన్నానికి ఎసరు పెట్టేముందు, కడిగే బియ్యంలోంచి కాదు, పొడి బియ్యంలోంచే ఒక పిడికెడు తీసి అందులో వేసేది. ఆదివారం అది మందిరానికి పోయేది. పిడికెడు బియ్యం కానుక మీ అందరికీ తెలిసిందే. నాన్న పని పోయి రెండు పూటలా గంజి తాగిన రోజుల్లో కూడా వేసింది. తర్వాత నాకు ఉద్యోగం వచ్చి, ఇంట్లో బస్తాలకి బస్తాలు ఉన్నప్పుడు నేనన్నాను, అమ్మా నెలకోసారి ఒక బస్తా ఇచ్చేద్దాం, ఈ పిడికెడు ఎందుకని. వినలేదు. "బస్తా నువ్వియ్యి, పిడికెడు నేనేస్తా" అంది. లేనప్పుడు ఏ చేత్తో వేసిందో ఉన్నప్పుడూ అదే చేత్తో, అంతే కొలత. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో దీనస్థితిలో ఉండ నెరుగుదును, సంపన్నస్థితిలో ఉండ నెరుగుదును అని రాశాడు చూడండి, నాకు ఆ వాక్యం చదివితే అమ్మ చెయ్యే కనిపిస్తుంది.

నేను 12 గ్రూపులకి లీడర్ని. మంచి పేరొచ్చాక నాకూ మీలాగే అయింది. నేను చేసింది రెండే. లెక్కల పుస్తకం నా దగ్గర నుంచి తీసేసి ఇంకొకావిడకి ఇచ్చాను. శుక్రవారం ఉపవాస కూడికలో ముందు కూర్చోవడం మానేసి గోడవారగా చాప మీద కూర్చుంటున్నాను, ప్రార్థన నేను చేయను, వేరేవాళ్లు చేస్తే ఆమెన్ అంటాను. ఆరు నెలలు పట్టింది, నెమ్మదిగా కన్నీళ్లు తిరిగొచ్చాయి.

గుండ్లకమ్మ ఒడ్డు:

అమ్మా, గాజులు విడిపించలేదు. మీరు అడిగేదాకా అది నాకు తట్టకపోవడం చూసి సిగ్గేసింది. రేపే వెళ్తాను.

టీచరుగారూ, ఒంగోలు తమ్ముడూ, రెండూ రెండుసార్లు చదివాను. ఒక్కటి అడగాలి. ఇవన్నీ విన్నాక సర్పంచ్‌గా నిలబడటం తప్పంటారా?

హైదరాబాద్ నుంచి, ప్రకాశం జిల్లావాణ్ణే:

నేను కొంచెం వేరేగా చెప్తాను, ఏమీ అనుకోకండి. తప్పు అనకండి ఎవరూ. మన పేటల్లోంచి ఒక మనిషి ముందుకొచ్చిన ప్రతిసారీ "తగ్గించుకో, వినయంగా ఉండు" అని మనమే వెనక్కి లాగుతాం. పెత్తనం చేసేవాళ్లకి ఎవరూ ఆ మాట చెప్పరు. అజరయ్యగారు బిషప్ పదవి వద్దనలేదు, 32 ఏళ్లు చేశాడు. క్లౌ కాంట్రాక్టు తీసుకున్నాడు కాబట్టే జనం బతికారు. ఆ 60 సెంట్లకి గోడ కట్టాలన్నా, తాగునీరు రావాలన్నా పంచాయతీలో మనిషి ఉండాలి.

కానీ నిలబడేట్టయితే సంఘ పెద్ద పదవి వదిలెయ్యండి అన్నా. రెండూ ఒక చేతిలో వద్దు. మందిరం మైకు ఓట్లకి వాడుకున్నారన్న మాట ఒక్కసారి వచ్చిందంటే మీకు ఓటెయ్యని కుటుంబం ఆదివారం రావడం మానేస్తుంది. మా ఊళ్లో అలా నాలుగు కుటుంబాలు మానేశాయి, ఇప్పటికీ రాలేదు. రెండు పార్టీల దగ్గరా ఏమీ తీసుకోవద్దు, టీ కూడా.

రిటైర్డ్ టీచర్, మహబూబాబాద్:

ఈ బాబు చెప్పినదానితో నేను ఏకీభవిస్తున్నాను. నేను వినయం అంటే పదవి వద్దనడం అని చెప్పలేదు, అలా అనిపిస్తే నా రాతలో లోపమే.

గుండ్లకమ్మ ఒడ్డు:

అందరికీ వందనాలు, పది రోజులకి రాస్తున్నాను. గాజులు తెచ్చాను. వడ్డీతో కలిపి మిరప డబ్బు సగం పోయింది. ఆమె వేసుకోలేదు, బీరువాలో పెట్టింది, క్రిస్మస్‌కి వేసుకుంటానంది.

ఆదివారం సంఘంలో లేచి, నిలబడే సంగతి ఇంకా తేల్చుకోలేదు, ఏదైనా సరే ఈ నెలాఖరుకి సంఘ పెద్ద పని దిగిపోతున్నాను అని చెప్పాను. వాగులో కాలు జారిన కుర్రాడు గుర్తున్నాడా, అతనికిప్పుడు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. అతని పేరు చెప్పాను. వద్దు వద్దన్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు.

ఈ రోజు నాలుగింటికి ఫోన్ ఇంట్లో వదిలి వేపచెట్టు కిందకి వెళ్లాను. అరగంట కూర్చున్నా ఏమీ రాలేదు. లేచి వచ్చేటప్పుడు మాత్రం ఆ పెట్టె ఒరగడం, ఆ అరుపు గుర్తొచ్చి, ఆ తల్లి పేరు పెట్టి ఒక్క మాట ప్రార్థన చేశాను. రేపు మళ్లీ వెళ్తాను.