ఒక్క రౌండ్‌తో ఆగిపోయిన 2020 క్వీన్స్‌ల్యాండ్ కప్ వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. ఆస్ట్రేలియాలో ఉంటున్న మన తెలుగువాళ్ళలో రగ్బీ లీగ్ చూసేవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి.

క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్ర స్థాయి రగ్బీ లీగ్ పోటీ అయిన క్వీన్స్‌ల్యాండ్ కప్ గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. 2019లో బర్లీ బేర్స్ జట్టు గెలిచింది. 2020 మార్చిలో మొదటి రౌండ్ అవగానే కోవిడ్ వల్ల సీజన్ మొత్తం రద్దయింది, ఆ ఏడాది విజేతే లేరు. పై స్థాయి పోటీ ఎన్ఆర్ఎల్ (నేషనల్ రగ్బీ లీగ్) మాత్రం మే 28న మళ్ళీ మొదలైంది. టీవీ డబ్బున్న పోటీ నిలబడింది, టౌన్స్‌విల్, మెకై, రాక్‌హాంప్టన్ లాంటి ఊళ్ళ జట్లు ఇంట్లో కూర్చున్నాయి. ఈ భాగాన్నే వివరంగా రాయాలని నా పట్టుదల.

చిక్కేమిటంటే, అదే ఏడాది క్వీన్స్‌ల్యాండ్‌లో చాలా స్థానిక పత్రికలు అచ్చు ఆపేశాయి. ఊరి ఆటల వార్తలు రాసేది అవే కదా!

ఆ ఒక్క రౌండ్‌లో ఆడిన మ్యాచ్, చేసిన ట్రై (బంతిని అవతలి జట్టు గీత దాటించి నేలకు ఆనించి సాధించే స్కోరు) ఆటగాడి కెరీర్ లెక్కలోకి వస్తాయా? ఆ వారం పత్రికల పాత సంచికలు స్టేట్ లైబ్రరీలో చూడనిస్తారా, ఇండియా నుంచి అడిగితే కాపీ పంపుతారా? అన్నిటికన్నా ముఖ్యం, పగలు ఉద్యోగం చేసుకుంటూ ఆడే ఈ కుర్రాళ్ళకు ఆ ఏడాది మ్యాచ్ ఫీజులు ఏమయ్యాయి? ఇదే కప్‌లో ఆడే పాపువా న్యూ గినీ దేశపు జట్టు హంటర్స్ ఆటగాళ్ళు 2021లో ఇల్లూవాకిలీ వదిలి గోల్డ్‌కోస్ట్‌లో ఉండి ఆడారు. వాళ్ళ గురించి తెలిసినవాళ్ళున్నా చెప్పండి.

విన్నదైతే విన్నదనీ, చూసిందైతే చూసిందనీ రాయండి, వ్యాసంలో అలాగే పెడతాను.