కాలేయంలో సీపీఎస్‌1: ఆకుపచ్చగా మెరిసేదంతా ఎంజైమేనా?

తొలి_సంవత్సరం
అందరికీ నమస్కారం. శరీరంలోని అమోనియాను యూరియాగా మార్చే యూరియా చక్రానికి తొలి మెట్టయిన సీపీఎస్‌1 ఎంజైమ్‌ను చుంచెలుక కాలేయంలో చూడాలని నెల రోజులుగా తంటాలు పడుతున్నాను. దాన్ని పట్టుకునే, 488 అనే ఆకుపచ్చగా మెరిసే రంగు ముందే అతికించి ఉన్న యాంటీబాడీ కొన్నాం. 10 మైక్రాన్ల క్రయో (గడ్డకట్టించి కోసిన) ముక్కలు, స్థిరీకరణ పారాఫార్మాల్డిహైడ్‌తో. మొదటిసారే స్లైడ్ నిండా ఆకుపచ్చ వెలుగు కనిపించి ఎంతో సంతోషించాను. నిన్న యాంటీబాడీ వేయని స్లైడ్‌ను అదే అమరికతో చూస్తే అదీ ఇంచుమించు అంతే మెరిసింది. ఎక్కడ సరిదిద్దుకోవాలి?

స్లైడుపెట్టె
ఆ ఉత్త స్లైడ్‌ను చూడడమే మీరు చేసిన మంచి పని. కాలేయం తనంతట తాను మెరిసే కణజాలం. విటమిన్ ఏ చుక్కలు అతినీలలోహిత కాంతిలో నీలంగా వెలిగి క్షణాల్లో ఆరిపోతాయి కాబట్టి వాటితో పెద్దగా చిక్కు లేదు. అసలు చిక్కు లిపోఫ్యూసిన్, అంటే వయసుతో కణాల్లో పేరుకునే వ్యర్థ వర్ణకం. అది తొందరగా ఆరదు, ఫిల్టర్ ఆకుపచ్చదైనా ఎర్రదైనా అదే చోట అదే రేణువు కనిపిస్తుంది. వయసు మళ్లిన ఎలుకల్లో మరీ ఎక్కువ. మేము 488 వదిలి దూరపు ఎరుపులో మెరిసే 647 రంగుకు మారాక సగం బాధ తీరింది.

మాత్రిక
నాకు ఎదురైన ఇబ్బంది వేరు. హెప్‌జీ2 అనే, ప్రయోగశాలలో పెంచే కాలేయ క్యాన్సర్ కణాల్లో డిజిటోనిన్ అనే డిటర్జెంట్‌తో పొరలు తెరిచి చూస్తే ఏమీ కనిపించలేదు. నాలుగుసార్లు చేశాను, యాంటీబాడీ చెడిపోయిందనే అనుకున్నాను. సీపీఎస్‌1 ఉండేది మైటోకాండ్రియా లోపలి పొరకు అవతల, మాత్రికలో. తక్కువ మోతాదు డిజిటోనిన్ కణం బయటి పొరను తెరుస్తుందే కానీ అంత లోపలికి దారి ఇవ్వదు. అంతకన్నా బలమైన డిటర్జెంట్ ట్రైటాన్‌ను 0.2 శాతం మోతాదులో పది నిమిషాలు ఉంచగానే కేంద్రకం చుట్టూ సన్నని నూలుపోగుల్లా మైటోకాండ్రియా తేలాయి. ఆ రోజు గది దీపం వేయకుండా చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.
ఒక హెచ్చరిక: యూరియా చక్రంలో రెండో మెట్టయిన ఓటీసీ ఎంజైమ్‌ కోసమైతే హెప్‌జీ2 పనికిరాదు. ఆ కణాల్లో ఓటీసీ, అదే చక్రంలోని ఆర్జినేజ్‌1 దాదాపు ఉండవు.

పాథాలజీ_బల్ల
మా విభాగంలో కాలేయ క్యాన్సర్ గుర్తింపుకు హెప్ పార్ 1 అనే యాంటీబాడీ ఏళ్లుగా వాడుతున్నాం. అది పట్టుకునేది సీపీఎస్‌1నే అని 2008లో తేలింది. చిన్నపేగు లోపలి పొర కూడా దానికి రంగు పట్టడం అందుకే, అక్కడా ఈ ఎంజైమ్ ఉంటుంది. కాలేయంలో సహజంగానే బయోటిన్ ఎక్కువ కనుక, బయోటిన్‌ను పట్టుకునే స్ట్రెప్టావిడిన్‌తో రంగు చూపే బయోటిన్-స్ట్రెప్టావిడిన్ పద్ధతి జోలికి పోవద్దని నా గట్టి సలహా.

కాలేయ_కణం
తొలి_సంవత్సరం గారూ, మీ స్లైడ్‌లోనే మీకు సాక్ష్యం ఉంది. ద్వార సిర దగ్గర నుంచి మొదలయ్యే సీపీఎస్‌1, మధ్య సిరను ఆనుకుని ఉన్న ఒకటి నుంచి మూడు వరుసల కణాల్లో ఉండదు. అక్కడ గ్లుటామిన్ సింథటేజ్ అనే వేరే ఎంజైమ్ ఉంటుంది. అంటే మధ్య సిర చుట్టూ చీకటి వలయం కనిపించాలి. లిపోఫ్యూసిన్ పేరుకునేది మాత్రం మధ్య సిర వైపే. ఆ వలయం కూడా మెరుస్తోందంటే మీరు చూస్తున్నది ఎంజైమ్‌ను కాదు.
ఓటీసీ సంగతి ఇంకా ముచ్చటైనది. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. ఆడవారి ఒక్కో కణంలో ఒక్క ఎక్స్ మాత్రమే పనిచేస్తుంది కాబట్టి, ఆ జన్యువులో కొన్ని మార్పులు మోసే ఆడవారి కాలేయంలో వెలిగే కణాల గుంపు పక్కనే వెలగని గుంపు ఉంటుంది. అలాంటి చోట సగటు వెలుగు కొలిచి సరిపెట్టవద్దు, కణం కణం లెక్కపెట్టండి.

మాత్రిక
సూడాన్ బ్లాక్ అనే నల్లరంగు వాడితే స్వయంకాంతి తగ్గుతుందని చాలామంది చెబుతారు. 488కి నిజమే. 647తో మాత్రం నేను వాడను, అది దూరపు ఎరుపులో తనదైన మసక తెస్తుంది. వాడేవారు యాంటీబాడీ పని ముగిశాకే వేయాలి, తర్వాత డిటర్జెంట్ తగలనీయకూడదు.

తొలి_సంవత్సరం
మీరు చెప్పినట్టే చేశాను. 647 రంగు, ట్రైటాన్, పక్కన ఉత్త స్లైడ్. వలయం కనిపించింది! ఒక సిర చుట్టూ రెండు వరుసలు, పక్క సిర చుట్టూ ఒకటే. అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. ఇప్పుడు ఆ చీకటి వరుసల్లో గ్లుటామిన్ సింథటేజ్ చూడాలి. నా దగ్గర రెండు యాంటీబాడీలూ కుందేలువే, కలిపి వేయవచ్చా?

స్లైడుపెట్టె
కలపవద్దు, వరుసలో వేయండి. ముందు గ్లుటామిన్ సింథటేజ్ యాంటీబాడీ, దానిపై కుందేలును పట్టుకునే రెండో యాంటీబాడీ. తర్వాత మామూలు కుందేలు సీరంతో ఓ గంట ఉంచి, రెండో యాంటీబాడీలో ఖాళీగా మిగిలిన చేతులన్నీ మూసుకున్నాకే రంగు అతికించిన సీపీఎస్‌1 యాంటీబాడీ వేయండి. ఆ సీసాకు రేకు చుట్టి 4 డిగ్రీల దగ్గరే ఉంచండి, గడ్డకట్టనీయవద్దు.